వెనక కిటికీ కింద అడుగుజాడ

వారానికో హత్య చేయడం నా ఉద్యోగం. స్కాట్లండ్‌లోని ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో పనిచేస్తాను. క్యాంపస్ వెనక పాత ఇంట్లో బొమ్మ శవాన్ని పడేసి, ఉత్తుత్తి నెత్తురు చల్లి వస్తే, ఫోరెన్సిక్ పిల్లలు తెల్ల సూట్లు తొడుక్కుని ఆధారాలు ఏరుకుంటారు. తర్వాత జరిగే ఉత్తుత్తి కోర్టులో ముద్దాయిని కూడా నేనే. వేరే మనిషిని పెట్టాలంటే యూనివర్సిటీకి బద్ధకం.

ఈసారి గ్లాసు మీద చాలీచాలని వేలిముద్ర ఒక్కటే వదిలాను. ఎవరిదో తేల్చలేమని ఒప్పుకోవడం పిల్లలకు రావాలని ప్రొఫెసర్ పెట్రీ గారి పట్టుదల.

సాక్షి ఆ పిల్లల్లో ఒకతి, కర్స్టీ. కోర్టు పరీక్ష ఆమెకు రెండోసారి. పోయినసారి లాయరు గట్టిగా అడిగేసరికి చెప్పిందల్లా మార్చేసి తప్పింది. ఈసారీ తప్పితే కోర్సులోంచి పంపించేస్తారు.

"చచ్చినా మాట మార్చకు" అని ముందురోజు నేనే నూరిపోశాను.

కర్స్టీ బోనెక్కి, వెనక కిటికీ కింద ఐదో నంబరు బూటు అడుగుజాడ దొరికిందనీ, ముద్దాయిదీ ఐదో నంబరేననీ చెప్పింది. నేనక్కడ అడుగే పెట్టలేదు. కానీ ముద్దాయి నోరెత్తకూడదు.

లాయరు ఫార్కర్, రిటైరయ్యాక సరదాకి వచ్చి పిల్లల్ని ఏడిపించే మనిషి, లేచాడు.

"ఆ రోజు ఏం చేశావో నీ నోట్‌బుక్‌లోంచి చదువమ్మా."

"పది ఐదుకి వెనక గేటులోంచి వచ్చి కిటికీ చూశాను. పది తొమ్మిదికి బూట్లకు తొడుగులు వేసుకున్నాను. పది ఇరవైకి అడుగుజాడ..."

ఆగిపోయింది. తల వంచి తన కాళ్లకేసి చూసుకుంది.

ఫార్కర్ ఏమీ గమనించలేదు. కాగితం తిరగేస్తూ, "సరే, ఇక ఆ గ్లాసు సంగతి" అన్నాడు. నోరు మూసుకుంటే గండం గడిచిపోయేది. నేనూ మనసులో అదే మొక్కుకున్నాను. ముద్దాయిని నేనే అయినా.

"ఆగండి సార్" అంది కర్స్టీ. "ఆ అడుగుజాడ నాది. తొడుగులు వేసుకోకముందు అక్కడ నిలబడ్డాను."

"మళ్లీ మాట మారుస్తున్నావా? పోయినసారీ ఇంతేగా!"

"పోయినసారి మీకు భయపడి మార్చాను. ఇప్పుడూ భయంగానే ఉంది సార్. కానీ ఆ జాడ ఆవిడది కాదు" అని నన్ను చూపించింది.

వంగి కుడి బూటు విప్పి బల్ల మీద పెట్టింది. జడ్జి వేషంలో ఉన్న పెట్రీ దాన్ని తిరగేసి అడుగుజాడ ఫోటోతో పోల్చారు. మడమ అరుగుదల కూడా సరిపోయింది.

"ఆధారాలు సేకరించడానికి వెళ్లి నీ కాలిముద్రే తెచ్చావు. ఆధారాలు ఏరే పరీక్షలో సున్నా, వచ్చే టర్ములో మళ్లీ చెయ్యి" అన్నారు. కర్స్టీ తలూపింది. కళ్లు నిండిపోయాయి.

"కోర్టు పరీక్షలో పాస్."

నా సలహా తలుచుకుని సిగ్గేసింది. లేచి నిలబడి చప్పట్లు కొట్టాను.

"ముద్దాయి కూర్చోవాలి" అన్నారు పెట్రీ.

నేను కూర్చోలేదు.