డాక్టరమ్మ చెప్పిన రెండో మాట

కాగితాల్లో ఆ ఆడగుర్రానికి పొడుగాటి పేరొకటి ఉంది. యజమానికి తప్ప ఎవరికీ అది నోరు తిరగదు. లాయంలో అందరూ పెంకి అనే పిలుస్తారు. నోట్లో మందు పోయబోతే పళ్ళు బిగిస్తుంది. రబ్బరు వాసన తగిలితే చెవులు వెనక్కి వాల్చి గోడవైపు తిరుగుతుంది. అలా తిరిగాక ఇక దాని తోకతోనే మాట్లాడుకోవాలి.

ఆ ఏడు దాన్ని దాటించడానికి దూరాన ఉన్న ఒక మగగుర్రాన్ని మాట్లాడారు. అది ఖాళీగా ఉండే రోజులకే పెంకి ఎదకు రావాలి. ముందొచ్చినా వెనకొచ్చినా ఆ ఏడాది పోయినట్టే. అందుకని పశువుల డాక్టరమ్మ ఒక మందు సీసా ఇచ్చింది. పసుప్పచ్చగా, నూనెలా ఉంటుంది. రోజూ పెట్టినన్నాళ్ళూ ఎద రాదు, ఆపేస్తే కొద్ది రోజుల్లో వస్తుంది. సీసాతోపాటు గ్లౌజుల పెట్టె కూడా ఇచ్చి, ఒట్టి చేత్తో ముట్టొద్దని చెప్పి వెళ్ళింది.

లాయం చూసుకునే మనిషి ఆ మాట భార్యకు చెప్పాడు. పెంకి తినేది ఆమె చేత్తోనే. ఆమె ఒకరోజు గ్లౌజులు తొడుక్కుని చూసింది. పెంకి తోక చూపించింది. మర్నాటినుంచి ఆమె అరచేతిలో ఇంత తవుడు పోసుకుని, దానిమీద మందు వంచి, మూతి కింద పెట్టేది. పెంకి చివరి రవ్వదాకా నాకేసేది. ఆ వేళకు అతను అవతలి కొసన పేడ ఎత్తుతూ ఉండేవాడు. పగుళ్ళు పట్టిన భార్య చేతులు ఈమధ్య నునుపు తేలడం మాత్రం గమనించాడు.

లాయం చివర రెండు గదుల్లో ఉంటారు వాళ్ళు. పెళ్ళయి చాలా ఏళ్ళయింది. పిల్లల సంగతి మొదట చుట్టాలడిగారు, తర్వాత ఇరుగుపొరుగులు అడిగారు, ఆ తర్వాత అందరూ అడగడం మానేశారు. అడగడం మానేశాకే ఆ రెండు గదులూ మరీ పెద్దవైనట్టనిపించేవి.

ఒకనాడు ఆమె నీళ్ళ బకెట్టు సగం దారిలో దింపేసింది.

"ఇకనుంచి నీళ్ళు నువ్వే మొయ్యి."

"ఏం, నడుము పట్టిందా?"

"నడుము కాదు." కాసేపు బకెట్టులోకి చూసి, "నెల తప్పింది" అంది.

అతను బకెట్టు అందుకున్నాడు. నీళ్ళు కాలిమీద తొణికాయి.

"పరీక్ష చేయించుకుందామా?"

"వద్దు. ఆ గీతల కోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఈసారి దాని దారిన దాన్ని రానీ. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు."

"ఎవరికి చెబుతాను, గుర్రాలకా?"

"పెంకికి నేనే చెప్పేశాను."

నాడాలు కొట్టే తాత ఆ వారం వచ్చినప్పుడు, గిట్ట ఒళ్ళో పెట్టుకుని ఆకురాయి ఆడిస్తూనే అడిగాడు.

"ఏరా, బకెట్లు నీ చేతికొచ్చాయేం?"

"తనకి నడుము నొప్పి తాతా."

"ఆవిడకి నడుము నొప్పయితే నువ్వెందుకురా నవ్వుతున్నావు?"

అతను మొహం అవతలికి తిప్పుకున్నాడు. తాత మళ్ళీ గిట్టమీదికి వంగాడు.

ఇంట్లో లోపలి గది మూలన పాత జీనులు గుట్టగా పడుండేవి. ఒకరోజు వచ్చేసరికి అవి బయట చూరు కింద ఉన్నాయి. మూల ఊడ్చి, తుడిచి, ఖాళీగా ఉంది. అక్కడేం పెడతావని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

పెంకిని చూడడానికి డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. అంతా బాగానే ఉందంది. చేతులు కడుక్కుని, అలమార తెరిచి ఆగిపోయింది.

"అన్నా, గ్లౌజుల పెట్టె నిండుగానే ఉందే. మందెవరు పెడుతున్నారు?"

"మా ఆవిడ. తన చేత్తో అయితేనే తింటుందిది."

"ఒట్టి చేత్తోనా?"

అతను పెట్టెవంక చూశాడు.

"అందుకే కదా ముట్టొద్దన్నాను. ఇది చర్మంలోంచి లోపలికి పోతుంది. కడుపుతో ఉన్నవాళ్ళయితే దీని దరిదాపులకే రాకూడదు. లేనివాళ్ళకైతే గుర్రానికి చేసిందే చేస్తుంది, నెల ఆగిపోతుంది. మీ ఆవిడకి నెల సరిగ్గా వస్తోందా?"

"అడుగుతాను" అన్నాడు.

అడగవలసిందేమీ లేదు.

"అడగండి. తేడాగా ఉంటే పరీక్ష చేయిస్తే తేలిపోతుంది" అని ఆమె బండెక్కింది.

లాయం ఈ కొసనుంచి ఆ కొసకు అతను ఎన్నోసార్లు నడిచాడు. గుర్రాలు తలలు తిప్పి చూశాయి. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. మొదటిది ఇవాళే చెప్పి తీరాలి, బిడ్డే ఉంటే రేపు ఆ చెయ్యి మందులో పడకూడదు. రెండోది చెబితే బిడ్డ ఉండకపోవచ్చు.

ఆమె పొయ్యి దగ్గర ఉంది.

"రేపటినుంచి పెంకికి మందు నేను పెడతాను."

"నీ చేత్తో తింటుందా అది?"

"తినకపోతే తిట్టి పెడతాను."

"ఇప్పుడేమొచ్చిందని?"

"కడుపుతో ఉన్నవాళ్ళు ఆ మందు ముట్టకూడదట. డాక్టరమ్మ అంది."

ఆమె అరచేతులు తిప్పి చూసుకుంది. చీరకు ఒకసారి, మళ్ళీ ఒకసారి తుడుచుకుంది. తర్వాత మెల్లగా నవ్వింది.

"కడుపుతో అన్న మాట నీ నోట రావడం ఇదే మొదలయ్యా."

"పరీక్ష చేయిద్దామే."

"వద్దన్నానా? కూర్చో, అన్నం పెడతాను."

రెండో మాట అతను అన్నంతోపాటు మింగేశాడు.

మర్నాడు గ్లౌజులు తొడుక్కుని, సూది లేని సిరంజితో వెళ్ళాడు. పెంకి గోడవైపు తిరిగింది. అతను ఇటు వస్తే అది అటు, అటు వెళితే ఇటు. చివరికి నాడాల పనికొచ్చిన తాత మెడపట్టీ పట్టుకుంటే, పెదవి మూలనుంచి మందు లోపలికి కొట్టాడు. సగం గడ్డిమీద పడింది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువలేదన్నారు," తాత రొప్పుతూ అన్నాడు. "దీనికి అన్నీ ఉన్నాయి, మొగుడి దగ్గరికి పంపేదాకా మనకే ఊపిరి లేదు."

అప్పటికే సీసా అడుగంటింది. డాక్టరమ్మ ఆపమంది. లాయమంతా పెంకికి ఎప్పుడు ఎద వస్తుందా అని చూసింది. యజమాని పొద్దునా సాయంత్రమూ ఫోన్ చేశాడు. ఇంట్లో ఏమీ రాకూడదని చూసినవాడు అతనొక్కడే. ఆమె మెట్టు దిగుతుంటే చూసేవాడు. స్నానాల గది తలుపు చప్పుడు వింటే చేతిలో పని ఆపేవాడు. ఎవరితోనైనా ఒక్కమాట చెప్పుకోవాలనిపించేది. తాతతో చెబితే ఆమె ఆశను ఊళ్ళో పెట్టినట్టవుతుందని ఊరుకున్నాడు.

పెంకి ఎదకొచ్చింది. పక్క కొట్టంలో గుర్రం సకిలిస్తే తోక పక్కకెత్తి నిలబడింది. డాక్టరమ్మ వచ్చి చూసి, రేపే పంపండి, సరిగ్గా కుదిరిందని సంబరపడింది. అతను వ్యాను మాట్లాడి ఇంటివైపు వచ్చాడు.

ఆమె నిండు బకెట్టు మోసుకుంటూ ఎదురొచ్చింది. అతను చెయ్యి చాచాడు. ఇవ్వలేదు.

"పొద్దున వచ్చేసింది" అంది. "డాక్టరమ్మ కనిపిస్తే అడిగాను. ఆవిడ నీకు రెండు మాటలు చెప్పిందట. నువ్వు ఒకటే తెచ్చావు."

"చెబుదామనే..."

"నేను రోజూ ఆ మూల ఊడుస్తుంటే చూస్తూ కూర్చున్నావు. నేనొక్కదాన్నే ఆశపడ్డానన్నమాట."

"నేనూ ఆశపడ్డాను."

"ఎప్పటిదాకా?"

అతను మళ్ళీ బకెట్టుకు చెయ్యి చాచాడు. ఆమె ఆగలేదు.

తెల్లారి వ్యాను వచ్చింది. పెంకి ఇంకెవరు లాగినా ఎక్కదు. ఆమె ముందు ఎక్కి నాలుక చప్పరిస్తే వెనకే ఎక్కింది. అతను తలుపు గడియ పెట్టాడు.

"ఎప్పుడొస్తావు?"

"చూలు నిలిచిందో లేదో తేలేదాకా దాని దగ్గరే ఉండమన్నారు." పెంకి మెడ నిమురుతూనే కిటికీలోంచి, "అన్నం వండాను. ఒక్కడికి సరిపోతుంది" అంది.

వ్యాను దుమ్ము అణిగాక మిగిలిన గుర్రాలకు నీళ్ళు పెట్టాడు. పెంకి తొట్టిలో కూడా పోశాక గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి అన్నం తిన్నాడు. సరిగ్గా ఒక్కడికే ఉంది, మారు వడ్డించుకోవడానికి మిగల్లేదు.

చూరు కింద జీనులు అలాగే ఉన్నాయి. ఒకటి భుజానికెత్తుకుని లోపలి గది గుమ్మందాకా వచ్చాడు. మూల శుభ్రంగా ఉంది. చీపురు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. జీను మళ్ళీ బయటికే తీసుకెళ్ళి పెట్టాడు. వాన వస్తే తడుస్తాయని మీద గోనెపట్టా కప్పి, ఎగిరిపోకుండా అంచున రాయి ఉంచాడు.