జగ్గయ్యపేటలో జపాను అక్షరాలు

సుస్మిత మూడో తరగతిలో ఉండగా మెదడువాపు జ్వరం వచ్చింది. పిల్ల దక్కింది గానీ వినికిడి పోయింది. అప్పటికే మాటలు బాగా వచ్చి ఉండబట్టి నోరు మాత్రం ఆగలేదు. తన గొంతు కాస్త ఎగుడుదిగుడుగా వస్తుందని తెలుసు. ఎవరన్నా వింతగా చూస్తే చూడనీలే అనుకునేది. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టేసేది. నందిగామలో బడి, ఆ తర్వాత డిగ్రీ అలాగే గట్టెక్కించింది.

జపాను భాష మీదికి మనసు పోయింది టీవీలో వచ్చే జపాను కార్టూన్ల వల్ల. అందరూ ఆ బొమ్మలు చూస్తూ కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటారు. భాష రానప్పుడు చెవులున్నవాళ్లయినా చేసేది అదే. అక్కడ తనకీ మిగతావాళ్లకీ తేడా లేదని సుస్మితకి ఒకరోజు తట్టింది. ఆ రోజునించీ జపాను అక్షరాల వెంట పడింది. ముందు పిల్లల పుస్తకాలు, తర్వాత పెద్దవాళ్లవి, అన్నీ ఫోన్లోనే. విజయవాడలో ఒక కోచింగ్ వాళ్లని అడిగితే, "మా క్లాసంతా మాట్లాడటం మీదేనమ్మా, నీకు కష్టం" అని మర్యాదగా పంపించేశారు. ఇంటికొచ్చి మళ్లీ ఫోను తెరిచింది.

అలా ఏళ్లు గడిచాక క్యోటోలో ఒక చిన్న ప్రచురణ సంస్థ, మన దేశం కథలు పిల్లల బొమ్మల పుస్తకాలుగా వేసేది, తెలుగునించి జపానులోకి రాయగలవాళ్లు కావాలని ప్రకటన ఇచ్చింది. సుస్మిత రాసింది. నాకు వినపడదు, ఫోన్లో మాట్లాడలేను అని మొదటి వాక్యంలోనే చెప్పింది. మిజునో అనే సంపాదకురాలు జవాబిచ్చింది. మాకు కావాల్సింది రాత, పరీక్ష పెడతాం, అయితే కంప్యూటర్ మీద మా కళ్లెదుట టైపు చెయ్యాలి అని.

ఇక్కడే పీటముడి పడింది. సుస్మిత ఇంట్లో కంప్యూటర్ లేదు. ఫోన్లో ఆమె జపాను అక్షరాలు టైపు చేసేది కాదు, వేలితో గీసేది. గీస్తే ఫోను గుర్తుపట్టి అక్షరం చూపించేది.

"సాయిప్రియ ఉందిగా, వెళ్లి అడుగు" అంది వాళ్లమ్మ పుష్పవతి.

సాయిప్రియ డిగ్రీలో పక్క బెంచీ. జగ్గయ్యపేట వాళ్లు. బస్టాండుకి దగ్గర్లో తండ్రి కుటుంబరావుకి పప్పుల హోల్‌సేల్ కొట్టుంది. దాని పక్క గదిలో సాయిప్రియ నెట్ సెంటరు నడుపుతోంది. సుస్మిత పొద్దున్నే బస్సెక్కి చిల్లకల్లు దాటి పేటలో దిగింది.

విషయం విని సాయిప్రియ కుర్చీ తిప్పి సుస్మితకి ఎదురుగా కూర్చుంది. ఆమెతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ అంతే, మొహం కనపడేలా కూర్చుంటుంది.

"ఇక్కడ తెలుగు టైపింగ్ వందసార్లు పెట్టిచ్చా. జపాను మాత్రం ఇదే మొదలు. చూద్దాం పట్టు."

సెట్టింగ్స్ తెరిచారు. భాషల దగ్గరికెళ్లి జపాను అని వెతికి కలిపారు. డౌన్‌లోడ్ సగంలో ఆగి కూర్చుంది. నెట్ మార్చి మళ్లీ పెడితే ఈసారి దిగింది. కింద మూల భాష గుర్తు మారింది. సాయిప్రియ గర్వంగా కీబోర్డు జరిపింది. సుస్మిత టైపు చేసింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాలే పడ్డాయి.

"ఇదేంటే, జపాను పెట్టాంగా?"

సుస్మిత తెర కింద మూల చూసింది. అక్కడ ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఉంది. దాని మీద నొక్కింది. అది మారి あ అయింది. "జపాను 'అ' ఇదే. ఇప్పుడు చూడు" అంటూ మళ్లీ కొట్టింది. ఇంగ్లీషు మీటలు నొక్కుతుంటే తెర మీద గుండ్రటి జపాను అక్షరాలు పుట్టుకొచ్చాయి. స్పేస్ నొక్కితే అవి కంజి అనే పెద్ద అక్షరాలయ్యాయి. ఒకే పలుకున్నవి ఎన్నుంటే అన్నీ వరసగా కిందికి దిగాయి, ఏది కావాలో ఎంచుకోమని.

సాయిప్రియకి సరదా పుట్టి తనకి తెలిసిన ఒక్క మాట, కొన్నిచివా, కొట్టి చూసింది. ఏదో తప్పొచ్చింది.

"చివర వా అన్నా అక్కడ హ రాయాలి. మధ్యలో ఎన్ మూడుసార్లు నొక్కు."

"మూడుసార్లా?"

"రెండు 'కొం'లో సున్నాకి, ఒకటి 'ని'కి."

ఈసారి సరిగ్గా వచ్చింది. కొట్టులోంచి చూస్తున్న కుటుంబరావు, "మన తెలుగు టైపింగే నయం" అని టీ గ్లాసులు అక్కడ పెట్టి వెళ్లాడు.

ఇక అయిపోయినట్టే అనుకుంది సుస్మిత. ఒక కథ తీసి సాధన మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలు రాసేసరికి చేతులు ఆగాయి. మిరపకాయ అన్న మాట రాయాలి. ఆ మూడు కంజి అక్షరాలు కళ్ల ముందు కనపడుతున్నాయి, నిద్రలో లేపి అడిగినా గీస్తుంది. కానీ వాటి పలుకు? ఎక్కడో ఇంగ్లీషులో చూసిన గుర్తుతో తొగరషి అని కొట్టింది. కంప్యూటర్ ఏవేవో ఇచ్చింది గానీ మిరపకాయ ఇవ్వలేదు. పిల్లల పుస్తకాల్లో కంజి పక్కన పలుకు చిన్న అక్షరాల్లో ఉంటుంది. పెద్ద పుస్తకాల్లో ఉండదు. తను పెద్ద పుస్తకాల్లో నేర్చుకున్న మాటలన్నీ కంటితో నేర్చుకున్నవే. చెవికి అందనివి. ఈ యంత్రమేమో పలుకు చెప్తే తప్ప అక్షరం ఇవ్వనంటోంది.

సుస్మిత చేతులు ఒళ్లో పెట్టుకుంది. విజయవాడ కోచింగ్ ఆయన మర్యాదైన మొహం గుర్తొచ్చింది. "వాళ్లు చెప్పింది నిజమేనేమో" అంది.

సాయిప్రియ ఆమె గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. "ఫోన్లో వేలితో గీస్తావు కదా. ఇంత పెద్ద కంప్యూటర్‌లో గీసే చోటు పెట్టకుండా ఉంటారా? వెతుకుదాం."

మూలనున్న あ మీద మౌస్ కుడి మీట నొక్కారు. ఒక పట్టీ తెరుచుకుంది. ఒక్కోటీ నొక్కుతూ పోతే ఒకదాంట్లో తెల్లటి గడి వచ్చింది, పలకలాగా. సుస్మిత మౌస్ పట్టుకుని మిరపకాయలో మొదటి అక్షరం గీసింది. గీతలు వంకరపోయాయి. అయినా పక్కన అసలు అక్షరం వచ్చి నిలబడింది. దాని మీద బాణం పెడితే పలుకు చూపించింది. తొ కాదు, తోఉ. అంతే తేడా. ఒక్క 'ఉ' పడిపోబట్టి మిరపకాయ దొరకలేదు. ఇప్పుడు తోఉగరషి అని కొట్టి స్పేస్ నొక్కితే మూడు అక్షరాలూ కుదురుగా వచ్చి కూర్చున్నాయి.

ఆ తర్వాత పరీక్ష దాకా ప్రతి పొద్దునా పేట బస్సే. పలుకు తెలియని అక్షరం తగిలినప్పుడల్లా మౌస్‌తో గీసి, పలుకు చూసి, దాన్ని మళ్లీ మళ్లీ కొట్టేది. రోజులు గడిచేకొద్దీ గీయాల్సినవి తగ్గి కొట్టగలిగినవి పెరిగాయి. వేళ్లే పలుకుల్ని గుర్తుపెట్టుకోవడం మొదలుపెట్టాయి.

పరీక్ష రోజు కుటుంబరావు నెట్ సెంటరు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవాళ్లకి, "ఇవాళ పొద్దున సిస్టం ఖాళీ లేదండి, మధ్యాన్నం రండి" అని చెప్పి పంపిస్తున్నాడు. లోపల సుస్మిత తెర మీద మిజునో గారి మొహం చిన్నగా ఒక మూల, కాగితంలాంటి తెల్లటి పేజీ మధ్యలో. పేజీ పైన తెలుగు కథ పడింది. మిరప కళ్లానికి కాపలా కాసే ముసలమ్మ, రోజూ వచ్చి ఒక పండుమిరప ఎత్తుకుపోయే చిలక.

మొదటి మాట కొట్టగానే ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. కొత్త పేజీలోకి రాగానే భాష దానంతటదే మారిపోయింది. పక్కనున్న సాయిప్రియ లేవబోయింది. సుస్మిత తొణకలేదు. మూల చూసి, రెండు మీటలు కలిపి నొక్కి, あ తెచ్చుకుని సాగిపోయింది. ముసలమ్మ వచ్చింది, చిలక వచ్చింది, మిరపకాయ ఒక్క దెబ్బకే వచ్చింది. ఒకచోట చిలక తిట్లు తినే ఘట్టం రాస్తూ సుస్మిత తనే నవ్వుకుంది.

చివరి పేరాలో ఒక వాక్యం దగ్గర ఆగింది. 'ముసలమ్మ ఒక కాయ తీసి ఆడించింది. గలగలమంది. ఇక కుప్ప ఎత్తొచ్చు అనుకుంది.' గలగల అని ఇంగ్లీషు మీటల మీద కొట్టి తెలుగు మాటనే జపాను అక్షరాల్లో పెట్టొచ్చు. అప్పుడు జపాను పిల్లలకి ఏం వినపడుతుంది? ఆమె కళ్లు మూసుకుంది. సొంతూరు చందర్లపాడులో తమ కళ్లం, ఎర్రగా పరుచుకున్న కాయలు, నాన్న రాంబాబు ఒక ఎండుమిరప తెచ్చి తన చెవి దగ్గర ఆడించడం, లోపల గింజలు చేసిన సన్నటి చప్పుడు. జ్వరానికి ముందు సంగతి అది. చెవి పోయింది గానీ ఆ చప్పుడు పోలేదు. కళ్లు తెరిచి కరకర అని కొట్టింది. జపానులో బాగా ఎండిపోయిందనడానికీ అదే మాట, ఎండింది చేసే చప్పుడుకీ అదే.

గడువుకి ముందే ముగించింది. మిజునో గారు చదవడం తెర మీద కనపడుతూనే ఉంది. చాలాసేపటికి పేజీ కింద ఒక వాక్యం పడింది.

'మీకు వినపడదని రాశారు. ఈ చప్పుడు ఎలా ఎంచుకున్నారు?'

సుస్మిత టైపు చేసింది. కళ్లం గురించి, నాన్న గురించి, చెవి దగ్గర ఆడిన కాయ గురించి. ఎక్కడా గీయలేదు. అన్నీ మీటల మీదే వచ్చాయి.

అవతల మిజునో గారు చదివి, కుర్చీలోనే నడుం వంచి నమస్కారం పెట్టింది. తర్వాత రాసింది: 'ఈ పుస్తకం మీరే చెయ్యండి. దీని తర్వాతది కూడా.'

సుస్మిత ఆ వాక్యం సాయిప్రియకి మెల్లగా తెలుగులో చదివింది. సాయిప్రియ ఆమె భుజం మీద తల వాల్చేసింది. కుటుంబరావు గుమ్మంలోంచి లేచి, "ఇంతకీ ఏమన్నారమ్మా?" అన్నాడు. కూతురు చెప్పింది. ఆయన తలకాయ ఊపుకుంటూ కొట్లోకి వెళ్లి, అక్కడ బస్తాలు దింపుతున్నవాళ్లకి, గల్లా దగ్గరున్నవాళ్లకి, దారినపోయే తెలిసినాయనకి చెప్పడం అద్దంలోంచి కనపడుతూనే ఉంది. మాటలు వినపడకపోయినా 'జపాను' అన్నప్పుడల్లా ఆయన చెయ్యి పైకి లేస్తోంది.

నెల తిరక్కుండా నందిగామ ఇంట్లో సుస్మితకి సొంత కంప్యూటర్ వచ్చింది. సాయిప్రియ పెట్టిస్తానని వచ్చింది గానీ ముట్టుకోనివ్వలేదు సుస్మిత. భాష తనే కలిపింది, గీసే గడి తనే తెరిచి పెట్టుకుంది. సాయిప్రియ మంచం మీద కూర్చుని పుష్పవతి పెట్టిన పెసరట్టు తింటూ చూసింది.

పొలంనించి వచ్చిన రాంబాబు కాళ్లు కడుక్కుని కూతురు ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు కనపడేలా నింపాదిగా అడిగాడు.

"మన ఊరి పేరు వస్తదా దాంట్లో?"

సుస్మిత చందర్లపాడు అని కొట్టింది. అక్షరాలు ఒకదాని వెనక ఒకటి బారుగా తెర మీద నడిచాయి.

"ఇంత పొడుగా మన ఊరు?"

"మన ఒక అక్షరానికి వాళ్లవి రెండేసి పడతాయి నాన్నా, అందుకని."

రాంబాబు ఇంకాసేపు దాన్ని చూశాడు. "అలాగే ఉంచు, ఫోటో తీసుకుంటా" అని ఫోను తేవడానికి లోపలికి వెళ్లాడు. సుస్మిత అలాగే ఉంచి, పక్కన కొత్త పేజీ తెరిచి రెండో కథలో మొదటి వాక్యం మొదలుపెట్టింది.