చలికి చావని పురుగు

నేను ఒక డీప్ ఫ్రీజర్‌ని. ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రమే గడ్డకట్టే ఉత్తర ధ్రువం దగ్గరి ఊళ్లో నాకేం పని అని నవ్వకండి. అక్కడా ఎండలు ముదిరి వేసవిలో మాంసం కుళ్లుతోంది. అందుకే ఓడలో దిగి, వాల్రస్ అనే కోరల సముద్రజంతువును వేటాడే పౌలూసి ఇంట్లో చేరాను.

ఆ ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. వాల్రస్‌ను కొడితే ముందు దాని నాలుక కోసి విమానంలో ప్రయోగశాలకు పంపాలి. కండలో దాక్కునే పురుగు లేదని రేడియోలో చెప్పేదాకా పచ్చిమాంసం ఎవరూ ముట్టరు.

ఆ ఏడు మంచుతుపాను వల్ల మూడు వారాలు విమానం రాలేదు. పౌలూసి కొట్టిన వాల్రస్ నాలుక, మాంసం రెండూ నా కడుపులోనే ఉన్నాయి. ఎలుగుబంట్ల పురుగుల మీద పరిశోధనకు కొత్తగా వచ్చిన పశువైద్యుడు శశాంక్ నా మూత మీద చెయ్యి వేశాడు.

“ఇరవై రోజులు గడ్డకట్టింది. ఏ పురుగైనా చచ్చుంటుంది. పందిమాంసం పరీక్షల్లో పదేళ్లు పనిచేశాను, తినండి.”

నాకు ఒళ్లు పొంగింది.

పౌలూసి తల్లి అలాసీ పెదవి విరిచింది. “మీ పందులు ఎండలో పెరిగాయి నాయనా. ఈ పురుగు ఇక్కడ పుట్టింది. చలి దానికి కొత్తా?”

“డాక్టర్ కంటే నీకు ఆ రేడియోనే ఎక్కువా అమ్మా?” అంటూ పౌలూసి ఒక ముక్క కోసుకున్నాడు.

నోటిదాకా వెళ్లిన ముక్కను ఆవిడ లాక్కుంది. “పెద్దదాన్ని, మొదటి ముక్క నాది. నాకేం కాకపోతే నెల పోయాక నువ్వు తిందువుగాని.”

నమిలి మింగింది. మర్నాడే ఆకాశం తెరిపిచ్చింది, నాలుక విమానమెక్కింది.

రెండో వారానికి అలాసీ కళ్లు వాచాయి. అప్పుడు పలికింది రేడియో: “పౌలూసి వాల్రస్ తినకండి.” పురుగులు అప్పటికే ఆవిడ కండల్లో కాపురం పెట్టాయి. నాలుగో వారంలో గుండె ఆగింది.

శశాంక్ వచ్చి ఒక మాంసం ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. “కదులుతున్నాయి” అన్నాడు మెల్లగా. ఆ గొంతులో దుఃఖం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. తర్వాత అతను రాసిన వ్యాసంలో నా చలి ఎన్ని డిగ్రీలో దశాంశాలతో సహా ఉంది. అలాసీ పేరు లేదు. ‘ఒక వృద్ధురాలు’ అని ఉంది.

పౌలూసి నా మూత పీకి, నన్ను ఊరి బయట చెత్తగుట్టలో పడదోశాడు. మాంసమంతా కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. నా అడుగున మంచుతో అతుక్కుపోయిన ఒక్క ముక్క అతని కంటపడలేదు.

మూడో రోజు తెల్లనక్క వచ్చింది. గీకి, పీకి, ఆ ముక్క మింగింది. మూసుకుందామంటే మూత లేదు. మూతిని మంచుకు తుడుచుకుని, అది ఎలుగుబంట్లు తిరిగే వైపు వెళ్లిపోయింది.