ఎదురుగడిలో స్వామి

సిరిసిల్లలో మా మరమగ్గాల షెడ్డు పక్క గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆట. ఒక్కొక్కరం ఒక పాత్రను కల్పించుకుని కథలో దూరి యుద్ధాలు చేస్తాం. గళ్ల లుంగీ పరిస్తే అదే యుద్ధభూమి, గుండీలే మనుషులు. కథ నడిపేది మా హరీశన్న. నా పాత్ర నీలి, కత్తి పట్టిన ఆడది. మూడేళ్లుగా దాన్ని బతికించుకుంటున్నాను. వారమంతా ఎవరేమన్నా నోరు మూసుకునే నేను తలెత్తుకునేది ఆ మూడు గంటలే. చచ్చిన పాత్ర మళ్లీ రాదు, అది మా నియమం.

ఆ రోజు నీలికి ముందొక తోడేలు, వెనకొక తోడేలు. రెండు వైపులా కమ్మితే మధ్యలో ఉన్నవాళ్లు ఎటని చూసుకుంటారు? అందుకే కమ్మినవాళ్లు మా ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుంటారు. ముందున్న తోడేలుకు అవతలి గడిలోకి నా చిన్ననాటి దోస్తు మనోహర్ తన గుండీ జరిపాడు. ఇక మేమే దాన్ని కమ్మినట్టు. అదొక్కటి చస్తే నీలి బయటపడుతుంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కత్తి తియ్యి, మనోహర్."

"తియ్య, మాతా."

వాడు కొండగట్టు అంజన్న మాల వేసుకుని ఇరవై రోజులైంది. కాషాయం బట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు. ఎనిమిదో తరగతిలో నా జడ లాగినవాడు ఇప్పుడు నన్ను మాతా అంటున్నాడు!

"గిది ఆటనే గదా!"

"ఆటల గూడ మాలేసుకోని చెయ్యెత్తద్దు. నిలబడ్త గని కొట్ట."

హరీశన్న తల అడ్డంగా ఊపాడు. "కొట్టనోడు ఎదురుంగ నిలబడితే తోడేలుకేం భయం? నీకు ఒక్కసారే, స్రవంతీ."

ఒక్కసారే వేశాను. నాలుగు. దెబ్బ తప్పింది.

"నేను మధ్యలకస్త, నన్ను కరువనియ్యి," అన్నాడు మనోహర్ గాబరాగా.

"నీ వంతు అయిపోయింది, స్వామీ," అన్నాడు హరీశన్న.

తోడేళ్ల తరఫున తనే రెండేసిసార్లు వేశాడు. పంతొమ్మిది. పదిహేడు. నీలి గుండీని లుంగీ మీంచి తీసేశాడు.

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాలనిపించింది. మాలలో ఉన్నవాణ్ణి ఎలా తిట్టను? వాడి కళ్లు కూడా తడిశాయి, అది చూస్తే నాకు ఇంకా మండింది.

వాడు లేచాడు. అరటిపండ్లు పట్టుకుని అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"స్వామి పోతుండు, కాళ్లు మొక్కు బిడ్డా."

వాడు వెనక్కి జరిగాడు. అమ్మ చూస్తూనే ఉంది. ఏడుపు ఆపుకోలేక, వంగి, వాడి కాళ్లు మొక్కాను.