శౌరయ్య బావ సత్తు పడవ

మా బావ శౌరయ్య కాంపౌండరుగా రిటైరయిన ఏడాది, అంటే డెబ్బై నాలుగులో, ఎక్కడో పాత సామాన్ల వేలంలో ఒక అల్యూమినియం పడవ కొనుక్కొచ్చాడు. భవానీపురంలో మా అక్క తెరేసమ్మ వాకిట్లో అది బోర్లించి ఉంటే, పెళ్లి వంటల గంగాళం ఎవరో మరిచిపోయారనుకున్నాను. అడుగంతా చిల్లులే.

ఆ చిల్లులకు బావ మొదట ఆస్పత్రి వైద్యం చేశాడు. దూదిని తారులో ముంచి కూరి, పైన ప్లాస్టరు అంటించాడు. నీళ్లలో దించగానే ప్లాస్టరు ఒకవైపు, బావ ఒకవైపు తేలారు. అప్పుడు సత్తు గిన్నెలు బాగుచేసే మాణిక్యాన్ని పిలిపించి రేకు ముక్కలతో మాట్లు వేయించాడు. అక్కడితో ఆగితే మా బావ ఎందుకవుతాడు? పడవ మధ్యలో ఇనప కుర్చీ బిగించాడు. దానికి గొడుగు కట్టాడు. పట్టిన చేపలు వేసుకోవడానికి రెండు కిరసనాయిలు డబ్బాల మూతలు కోసేసి చెరో పక్కనా ఒక డబ్బా తగిలించాడు. ఒక్క చేపా పట్టకముందే రెండు డబ్బాలు!

అక్కకు ఒళ్లు మండింది. ఈస్టరు ముందు వచ్చే తపస్సుకాలంలో శుక్రవారం మేం మాంసం ముట్టం, చేపల కూర వండుకుంటాం. ఈ శుక్రవారం కూరకు చేప ఆ పడవలోంచి రాకపోతే, మర్నాడే దాన్ని సత్తు సామాన్ల కొట్లో వేసి బిందెలు తెచ్చుకుంటానని తేల్చి చెప్పింది. బావ ముఖం చూసి నాకు జాలేసింది. ఇంట్లో ఊరికే కూర్చునే మనిషిగా మిగిలిపోతానని ఆయన భయం. పడవ ఉంటే రోజూ వెళ్లడానికి ఒక చోటుంటుంది.

శుక్రవారం పొద్దున్నే కృష్ణలో దిగాడు. అక్క ఇంట్లో మసాలా నూరుతుంటే నేను గట్టున నిలబడ్డాను. బావ కుర్చీలో వాలితే ఠంగుమంది. కాలు కదిపితే ఠంగుమంది. తెడ్డు తగిలి డబ్బాలు రెండూ మోగాయి. గాలానికి ఒక్కటీ పడలేదు. ఎలా పడుతుంది? ఆ మోతకు గట్టున పడుకున్న గేదెలే లేచి వెళ్లిపోయాయి.

కాస్త అవతల వల వేసుకున్న గంగరాజు పడవ తిప్పుకుని బావ దగ్గరికి వచ్చాడు. ఆ రేవులో చేపలు పట్టుకు బతికే మనిషి, తిడతాడనే అనుకున్నాను.

"కాంపౌండరుగారండీ, చేపల్ని వలలోకి తోలటానికి మేం పడవ అంచు కర్రతో బాదతామండి. మా చెక్క పడవకి ఇంత మోత ఎక్కడ వచ్చుద్దండి? ఇయ్యాల చేపల బరువుకి వల లాగలేకపోయానండి. రేపట్నించీ మీరు రోజూ రావాలండి" అన్నాడు. అని, డబ్బాలు రెండూ నింపాడు.

ఇంటికి రాగానే అక్క, "మీ గాలానికే పడ్డాయా?" అని అడిగింది. అవునను, అవునను అని నేను వెనక నుంచి తల ఊపుతూనే ఉన్నాను.

"లేదే. నేను తోలాను, గంగరాజు పట్టాడు" అన్నాడు బావ. పడవ పోయినట్టేనని ఆయన గొంతులోనే తెలిసిపోయింది.

అక్క డబ్బాలకేసి, ఆయనకేసి చూసింది.

"రేపు ఎన్నింటికి రమ్మన్నాడు?"

"ఆరింటికి."

అక్క లేచి, బావ రిటైరయిన రోజున అటకెక్కించిన ఇత్తడి క్యారేజీ దించి, చింతపండు పెట్టి తోమటం మొదలుపెట్టింది. బావ సంతోషం పట్టలేక చేపలు తనే బాగుచేస్తానని కూర్చుని, పొలుసులు వాకిలంతా చిమ్మాడు.