ఆరా, తొమ్మిదా?

కేకులు చేసి అమ్మే ఆ మనిషిని పేటంతా క్రీమయ్య అనే పిలిచేది. అసలు పేరు వేరే ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆయనే పలకడు. చేసేది నాజూకు పని, మనిషి మాత్రం భారీ. ఆయన వ్యాను ఇంకా భారీ. గులాబీ రంగు పూసిన ఆ పాత బండి నెత్తిన మూడంతస్తుల ప్లాస్టిక్ కేకు ఒకటి కూర్చుని ఉంటుంది. లోపల మీట నొక్కితే చాలు, బండి ముందున్న మైకులోంచి ఆయన భార్య గొంతు, "కేకులు! మెత్తటి కేకులు! కొవ్వొత్తులు ఊరికే ఇస్తాం!" అని వీధి చివరిదాకా వినిపిస్తుంది. అసలే ఆవిడది మైకు అక్కర్లేని గొంతు. దానికి మళ్ళీ మైకు తగిలించడం క్రీమయ్య జీవితంలో చేసిన ఒకే ఒక్క సాహసం.

ఆ రోజు పొద్దున్నే ఆర్డర్లు అందించి తిరిగి వస్తుంటే, కూడలిలో ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి బండి ఆపాడు. ముందు అద్దం దగ్గరికొచ్చి తల ఎడమకి వాల్చాడు, కుడికి వాల్చాడు. చివరికి నడుం వంచి కిందనుంచి కూడా చూశాడు.

"ఇది ఆరా, తొమ్మిదా?" అన్నాడు.

బండికి సేఫ్టీ పరీక్ష చేయిస్తే, మళ్ళీ ఏ నెలలో చేయించాలో రాసి ఒక గుండ్రటి స్టిక్కరు ఇస్తారు. దాన్ని అద్దానికి అంటించుకోవాలి. క్రీమయ్య స్టిక్కరు మీద అచ్చు అక్షరాలన్నీ ఎండకి వెలిసిపోయి, లావు పెన్నుతో చేత్తో రాసిన అంకె ఒక్కటే మిగిలింది. అంటించింది ఆయనే. అంటించేటప్పుడు చేతుల నిండా క్రీము. ఏ వైపు పైకి పెట్టాడో ఆయనకి గుర్తులేదు, స్టిక్కరుకి అంతకన్నా లేదు.

"తొమ్మిదేనండీ" అన్నాడు క్రీమయ్య గట్టిగా.

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"ఇప్పుడు నడిచేది ఎనిమిదో నెల కదండీ, అందుకని."

పోలీసు చెయ్యి చాచాడు. "కాగితం కూడా ఇస్తారుగా, అది చూపించండి."

క్రీమయ్య నసిగాడు. ఒకసారి కేకు అడుగున వేసే కాగితం అయిపోతే చేతికందింది వేసి పంపించేశాడు. అది ఇదేనని తర్వాతెప్పుడో తెలిసింది. "ఉండేదండీ. ఓ పుట్టినరోజు నాడు వెళ్ళిపోయింది" అన్నాడు.

"చూడండీ, ఆరైతే మీకు గడువు దాటిపోయింది. తొమ్మిదైతే ఇంకా ఉంది. రేపు ఇటే వస్తారు, నేనూ ఇక్కడే ఉంటాను. రేపటికల్లా ఏదో ఒకటి తేల్చుకు రండి" అని పోలీసు వదిలేశాడు.

పక్క సీట్లో ఇదంతా వింటున్న బావమరిది గొంతు సవరించుకున్నాడు. 'తెలియదు' అన్న మాట అతని నోట ఇంతవరకూ ఎవరూ విని ఎరగరు. దారి అడిగినవాళ్ళకి దారి చెప్తాడు, జబ్బు చెప్పినవాళ్ళకి మందు చెప్తాడు. ఆ దారిన పోయినవాళ్ళూ, ఆ మందు వాడినవాళ్ళూ మళ్ళీ కనిపించకపోవడం వల్ల అతని ధీమా చెక్కుచెదరలేదు.

"ఆ పరీక్ష చేసే చోటు నాకు తెలుసు బావా. పోనీ, ఎడమకి తిప్పు."

ఎడమకి తిప్పారు. రెండు సందులు దాటాక ఒక పెద్ద రేకుల షెడ్డు ముందు ఆపించాడు. లోపల బల్ల వెనక తెల్లకోటు వేసుకున్న ఆవిడ ఏదో రాసుకుంటూ, తలెత్తకుండానే "ఏమిటి సమస్య?" అంది.

"పరీక్ష చేయించడానికి తెచ్చామండీ" అన్నాడు బావమరిది.

"వయసు?"

"పన్నెండేళ్ళుంటాయి."

"అబ్బో, పెద్దదే. నడక బాగుందా?"

"ఎడమ పక్కకి లాగేస్తుందండీ" అన్నాడు క్రీమయ్య. "ఎత్తు ఎక్కాలంటే ఆయాసపడుతుంది."

"దగ్గు?"

"పొద్దున్న లేవగానే బాగా దగ్గుతుంది. తర్వాత సర్దుకుంటుంది."

"మంచి నీళ్ళు తాగుతోందా?"

"విపరీతంగా. పోసినకొద్దీ కింద కార్చేస్తుంది కూడా."

ఆవిడ పెన్ను పక్కన పెట్టి నిట్టూర్చింది. "ముసలి ప్రాణం. లోపలికి తీసుకురండి, ముందు ఓ ఇంజెక్షను చేద్దాం."

"ఈ తలుపులో పట్టదండీ."

ఆవిడ లేచి గుమ్మంలోకి వచ్చి, గులాబీ వ్యానునీ దాని నెత్తిమీది కేకునీ చూసింది. తర్వాత వీళ్ళిద్దర్నీ చూసింది. గుమ్మం పైన 'పశువైద్యశాల' అని ఉన్న బోర్డుని వేలితో చూపించింది.

"బళ్ళ పరీక్ష ఇక్కణ్ణించి ఎత్తేసి నాలుగు నెలలైంది. ఊరి చివర, కోల్డ్ స్టోరేజీ దాటాక పెట్టారు. ఎప్పుడూ బారున బళ్ళు నిలబడి ఉంటాయి, పోల్చుకోవడం తేలికే" అంది. చెయ్యని వైద్యానికి డబ్బులడగలేదు, అదే పదివేలు.

"ఎత్తేశారన్న సంగతి నాకు తెలుసు బావా, మళ్ళీ ఇక్కడికే తెచ్చారేమో అనుకున్నా" అన్నాడు బావమరిది, బండెక్కుతూ.

కోల్డ్ స్టోరేజీ దాటగానే నిజంగానే బళ్ళ బారు కనిపించింది. ఒకదాని వెనక ఒకటి తాడు పట్టి నిలబెట్టినట్టున్నాయి. పట్టపగలే అన్నిటికీ ముందు లైట్లు వెలుగుతున్నాయి.

"చూశావా? లైట్లు వేయించి పరీక్ష చేస్తున్నారు. మనమూ వేద్దాం" అన్నాడు బావమరిది. క్రీమయ్య లైట్లు వేసి, బారు చివర బుద్ధిగా నిలబెట్టాడు. కాసేపటికి బారు కదిలింది. నడిచే మనిషికన్నా నెమ్మదిగా పోతోంది. ఒక్కడూ హారన్ కొట్టడం లేదు, ఒక్కడూ ముందుకి దూరడం లేదు.

"బ్రేకులు చూస్తున్నారు బావా, అందుకే ఈ నడక" అన్నాడు బావమరిది.

దారిలో 'వాహన భద్రతా పరీక్షా కేంద్రం' అన్న బోర్డు ఎడమవైపు కనిపించి, అలాగే వెనక్కి వెళ్ళిపోయింది. దాని గేటుకి తాళం ఉంది.

"అదే కదరా?" అన్నాడు క్రీమయ్య కంగారుగా.

"అది ఆఫీసు. పరీక్ష వేరే మైదానంలో. ఇంతమంది పోతుంటే నీకెందుకు అనుమానం?"

ఇంతమంది మాట నిజమే. క్రీమయ్య బారు వెంటే పోయాడు. బళ్ళన్నీ ఒక పెద్ద గేటులోంచి లోపలికి తిరిగాయి. నల్లచొక్కా వేసుకున్న పొడుగాటి మనిషి ఒకాయన ఒక్కొక్క బండికీ చోటు చూపిస్తున్నాడు. గులాబీ వ్యాను దగ్గరికి రాగానే ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. అయినా తమాయించుకుని కిటికీ దగ్గరికి వచ్చి, మెల్లగా అడిగాడు.

"పెద్దాయన కోసమేనా?"

"అవునండీ" అన్నాడు క్రీమయ్య. "ఎవరైనా పరవాలేదు గానీ, పెద్దాయనే చూస్తే ఇంకా మంచిది."

"ఆయన మీకు తెలుసా?"

క్రీమయ్యకి కిందటిసారి పరీక్ష చేసినాయన గుర్తొచ్చాడు. కళ్ళజోడుకి దారం కట్టుకుని మెడలో వేసుకుంటాడు. "కిందటిసారి ఆయనే చూశారండీ. మహా కఠినం. చక్రాలు తట్టి చప్పుడు విని మరీ లోపం చెప్పారు. కానీ మంచి మనిషి."

పొడుగాయన కళ్ళు చెమర్చాయి. "అంతేనండీ. ఎవరైనా ఆయనకి ఒకటే. సొంత అన్నగారి బండినే వెనక్కి పంపేశారు."

"ఇప్పుడు ఖాళీగానే ఉన్నారా?"

"ఎవరు?"

"పెద్దాయన."

పొడుగాయన గొంతు తగ్గించాడు. "ఇప్పుడే దింపి పడుకోబెట్టారండీ" అన్నాడు.

"అయ్యయ్యో, ఒంట్లో బాగాలేదా?"

అనడమైతే అనేశాడు గానీ, అప్పటికే క్రీమయ్య చూపు ఆయన భుజం మీదుగా అవతలికి పోయింది. పూలదండలు. తలలు వంచుకున్న జనం. వాళ్ళ వెనక వరసగా సమాధి రాళ్ళు.

వెనక్కి పోదామంటే వెనక నాలుగు కార్లు వచ్చి అడ్డంగా ఆగాయి. "ఉండి దణ్ణం పెట్టుకుని పోదాం బావా. ఇది శ్మశానమని నాకు గేటు దగ్గరే తెలుసు, నువ్వు కంగారుపడతావని చెప్పలేదు" అన్నాడు బావమరిది.

ఇద్దరూ వెళ్ళి జనం చివర నిలబడ్డారు. పక్కవాళ్ళ మాటలబట్టి సంగతి అర్థమైంది. పోయినది పరీక్షా కేంద్రం పెద్ద ఇన్‌స్పెక్టరు. వచ్చినవాళ్ళలో సగం మంది ఆయన కింద పనిచేసినవాళ్ళు. అందుకే కేంద్రానికి ఇవాళ సెలవు. ఆయన మీద గౌరవంతోనే బళ్ళన్నిటికీ లైట్లు వేసి తెచ్చారు. తను ఏ పని మీద వచ్చాడో తలుచుకుని క్రీమయ్యకి సిగ్గేసింది. కిందటేడు ఆ చేతులే తన బండిని తడిమాయి. "టైర్లు మార్చుకో నాయనా, నీ కేకులు ఎవరైనా చేస్తారు, నిన్నెవరు చేస్తారు?" అన్నాడు ఆ పెద్దాయన. క్రీమయ్య మనసారా చేతులు జోడించాడు.

అందరూ కళ్ళు మూసుకుని మౌనంగా నిలబడ్డారు. చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది.

ఆ నిశ్శబ్దంలో బావమరిదికి వ్యాను లైట్లు గుర్తొచ్చాయి. అలాగే వదిలేస్తే బ్యాటరీ అయిపోతుంది, మళ్ళీ ఈ జనం చేతే తోయించాలి. పిల్లిలా అడుగులేసుకుంటూ వెళ్ళి, బండెక్కి, చీకట్లో తడిమినట్టు తడిమి ఒక మీట నొక్కాడు.

"కేకులు! మెత్తటి కేకులు! కొవ్వొత్తులు ఊరికే ఇస్తాం!"

గోడమీది పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. జనం కళ్ళు తెరిచారు. క్రీమయ్య మాత్రం ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

"కేకులు! మెత్తటి కేకులు!"

బావమరిది మీట పైకి లాగాడు. అది ఊడి చేతిలోకి వచ్చింది. తాళంచెవి తీసేశాడు. అయినా ఆగదు. ఎందుకంటే మైకుకి తీగ బ్యాటరీనుంచి నేరుగా లాగింది క్రీమయ్యే. ఊడిన మీట పట్టుకుని బావమరిది సమాధుల మధ్యనుంచి పరిగెత్తుకొచ్చాడు.

"బావా, ఇది నీదే కదా?"

"కొవ్వొత్తులు ఊరికే ఇస్తాం!" అంది భార్య గొంతు.

అప్పుడు పొడుగాయన కదిలాడు. ఆయన వెనక మరో ఇద్దరు. ముగ్గురూ చకచకా వచ్చి బానెట్ ఎత్తి, తీగ పట్టి లాగేశారు. మైకు "కేకు..." అని గొంతు నొక్కినట్టు ఆగింది.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ తెరిచిన బానెట్ ముందు ముగ్గురు ఇన్‌స్పెక్టర్లని నిలబెడితే ఏమవుతుందో అదే అయింది.

"ఈ తీగకి తొడుగేదీ?" అన్నాడు ఒకడు మెల్లగా.

"నీళ్ళ గొట్టం కారుతోంది" అన్నాడు రెండోవాడు. ఇస్త్రీ బట్టల్లోనే కింద దూరాడు. మరో నలుగురు వచ్చారు. ఒకడు చక్రాలు తట్టాడు, ఒకడు నిచ్చెనలా బంపరు ఎక్కి నెత్తిమీది కేకుని ఊపి చూశాడు.

"వెనక లైటు చచ్చిపోయింది సార్!" అని ఒక కుర్ర ఇన్‌స్పెక్టరు అరిచి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు. "అంటే... వెలగట్లేదు సార్."

ఇదే అదను అనుకుని క్రీమయ్య, చచ్చిన సిగ్గుని చంపుకుని, స్టిక్కరు చూపించాడు. ముగ్గురు ఆరన్నారు, నలుగురు తొమ్మిదన్నారు. గొంతులు లేచాయి. శ్మశానమన్న సంగతి మరిచి వాదించుకుంటుండగా, చేతికర్ర చప్పుడైంది. అందరూ తేలుకుట్టిన దొంగల్లా పక్కకి తప్పుకున్నారు. పెద్దాయన భార్య.

ఆవిడ అద్దం దగ్గరికొచ్చి అంకె వంక చాలాసేపు చూసింది.

"తొమ్మిది" అంది. "ఆయన ఆరుకి బొజ్జ పెద్దగా పెడతారు. తొమ్మిదికి తోక ఇలా నిటారుగా దింపుతారు. పాలవాడి లెక్క దగ్గర ఈ తోక మీదే ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో." తర్వాత తలెత్తి మూడంతస్తుల కేకు వంక చూసింది. మూతి బిగించుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని పొడుగాయన చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ నవ్వుతోంది. పైట నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"ఆయన ఉంటే ఈ బండిని గేటు కూడా దాటనిచ్చేవారు కాదు" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

పొడుగాయన క్రీమయ్యని పక్కకి పిలిచి, "తొమ్మిదంటే తొమ్మిదో నెల ఆఖరిదాకా గడువు. కానీ ఆఖరి వారం దాకా ఆగకండి, ఊరంతా అప్పుడే వస్తుంది. రేపే రండి. వచ్చేలోపు ఆ లైటు, ఆ గొట్టం, ఆ టైర్లు..." అని వేళ్ళు మడిచి, మడవడానికి వేళ్ళు చాలక, "మొత్తం చూపించుకుని రండి" అన్నాడు.

మర్నాడు పోలీసుకి తొమ్మిదని చెప్పి, మెకానిక్కు దగ్గర సగం రోజు కూర్చుని, క్రీమయ్య కేంద్రానికి వెళ్ళాడు. అన్నీ సరిపోయాయి గానీ నెత్తిమీది కేకు సరిపోలేదు. కిందటి పరీక్ష తర్వాత ఎక్కించిన దాన్ని ఇన్నాళ్ళూ కేకు పెట్టెలకి కట్టే రిబ్బనుతోనే కట్టి ఉంచాడు మరి. అక్కడికక్కడే బోల్టులు బిగించాక పొడుగాయన కొత్త స్టిక్కరు తనే అంటించాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెబితే భార్య నెత్తి కొట్టుకుంది. తన గొంతు శ్మశానంలో మోగించినందుకు తమ్ముణ్ణి గరిటె పుచ్చుకుని గది చుట్టూ తిప్పింది. ఆయాసం తీరాక, "ఆవిడ ఏమన్నా తిందో లేదో" అంది. పొయ్యి వెలిగించి ఒక చిన్న కేకు చేసింది. క్రీమయ్య దానికి తెల్లటి పూత పూసి, రాయడానికి గొట్టం చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. పుట్టినరోజుకి ఏం రాయాలో తెలుసు. పెళ్ళికి తెలుసు. దీనికేం రాస్తారు?

"నాకు తెలుసు బావా..." అన్నాడు బావమరిది. భార్య గరిటె ఎత్తింది. అతను మళ్ళీ నోరు విప్పలేదు.

ఏమీ రాయకుండానే పట్టుకెళ్ళారు. పెద్దావిడ తలుపు తీసి, పెట్టె మూత ఎత్తి, ఖాళీగా ఉన్న తెల్లటి కేకు వంక చూసి లోపలికి రమ్మంది. నిలబడే ఒక ముక్క కోసుకుంది.

"అడుగు కాస్త మాడింది" అంది ఆవిడ నములుతూ. "ఆయనతో కాపురం చేసినదాన్ని, ఊరికే పాస్ చెయ్యను."

అని, ఇంకో ముక్క కోసుకుంది.