నిటారుగా నిలిచిన కంకి

గింజ పట్టిన కంకి వంగుతుంది.

చెరుకుపల్లి దారికి అటూ ఇటూ, కోతకొచ్చిన వరి అంతా నేల చూస్తూ ఉంటుంది. మంచుకు తడిసి, ఎండకు ఆరి, తన బరువుకు తానే వంగి...

అబ్రహామూ అలాగే వంగేవాడు.

అన్నం తిన్న అరగంటకు వచ్చేది నొప్పి. బొడ్డు పైన మొదలై, గునపంలా వీపులోకి దిగేది. పడుకుంటే ఎక్కువ. నిలబడితే ఎక్కువ. మోకాళ్ల మీద కూలబడి నుదురు నేలకు ఆనిస్తే — కాస్త తగ్గేది.

కాస్తే.

ఎనభై మూడులో మొదలైంది. భార్య పుష్పలత అప్పటికి కొత్త కోడలు.

ఆదివారం ఆరాధనకు వెళ్తే గుడిలోనూ వచ్చేది. అందరూ నిలబడి పాడుతుంటే అతనొక్కడూ చాప మీద మోకరించి, నుదురు నేలకు ఆనించి ఉండేవాడు. పెదవులు కదిలేవి. కళ్ల వెంట నీళ్లు కారేవి.

"ప్రార్థనాపరుడే నీ మొగుడు," అనేది వెనక కూర్చునే పుల్లమ్మ. "మా ఆయనా ఉన్నాడు. ప్రసంగం మొదలైతే గురకే."

రెండేళ్లకు అతన్ని సంఘ పెద్దను చేశారు.

పుష్పలత కాదనలేదు. నొప్పికి వంగిన మనిషీ, దేవుడికి వంగిన మనిషీ — చూడ్డానికి ఒక్కలాగే ఉంటారు.

లోపలా ఒక్కటేనేమో. ఎవరికి తెలుసు?

తెనాలిలో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. నడుము ఎముకకు అడ్డంగా తెల్లని చుక్కలు. నూకలు చల్లినట్టు. క్లోమంలో రాళ్లు, అన్నాడు. తిన్నదాన్ని అరిగించాల్సిన గ్రంథి తనను తానే అరిగించుకుంటోంది, అన్నాడు.

"తాగుతారా?"

"నెలకోసారండి," అన్నాడు అబ్రహాము.

"ఎంత?"

"ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం. ఒక్క గుక్కండి."

డాక్టరు నవ్వాడు. ఆ నొప్పిలోనే అబ్రహామూ నవ్వాడు.

తాగకపోయినా కొందరికి వస్తుంది, ఎందుకో మాకూ తెలీదు, అన్నాడు డాక్టరు.

ఎందుకో...

ఆ ఒక్క మాటను పుష్పలత బస్సులో ఇంటిదాకా ఒడిలో పెట్టుకుని వచ్చింది.

పదేళ్లు.

రేపల్లె ఆసుపత్రిలో ఏ మంచం కిర్రుమంటుందో ఆమెకు తెలుసు. బాపట్లలో తమ్ముడి పెళ్లికి వెళ్తే, అబ్రహాము రెండు మాంసం ముక్కలు తిని పందిరి వెనక వంగిపోయాడు. తిన్న నెయ్యి తిన్నట్టే పోయేది. పెరట్లో దొడ్డికెళ్తే నీళ్ల మీద నూనె తేలేది. చొక్కా భుజాల మీంచి జారేది. తింటే నొప్పి. తినకపోతే నీరసం.

వంగాడు. మళ్లీ వంగాడు. మళ్లీ...

తొంభై మూడు వేసవిలో ఒకరోజు, అన్నం తిని అలాగే కూర్చున్నాడు. అరగంట. గంట.

వంగలేదు.

మర్నాడూ వంగలేదు. నెల దాటినా వంగలేదు.

ఆ ఏడు కోత పండుగనాడు, ఇంటికొక వరి పన, కోసిన కంకుల కట్ట, మోసుకొచ్చి గుడిలో బల్ల ముందు పెట్టే రోజున, అబ్రహాము లేచి సాక్ష్యం చెప్పాడు. దేవుడు నా నొప్పి తీసేశాడు, అన్నాడు. నిటారుగా నిలబడి చెప్పాడు.

ఇంత పొడుగా ఈ మనిషి? పదేళ్లలో ఆమె మరిచేపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఫిబ్రవరిలో దాహం మొదలైంది. ఎంత తాగినా తీరని దాహం. మళ్లీ తెనాలి. షుగరు. ఇక రోజూ సూది.

డాక్టరు ఆమెను పక్కకు పిలిచాడు.

"దేవుడు నొప్పి తీశాడని సంబరపడుతున్నాడు. నాకు నోరు రాలేదమ్మా. నొప్పెట్టడానికి లోపల ఏమీ మిగల్లేదు. గ్రంథి ఎండిపోయింది. ఈ షుగరూ అందుకే. సూది మానితే మనిషి దక్కడు."



సూది వేయడం నేర్చుకుంది. ఒక పొద్దున సూది వేశాక తినడం ఆలస్యమైంది. అతనికి చెమటలు పట్టి, మాట ముద్దయితే, నోట్లో పంచదార పోసింది. డాక్టరు అన్న మాట మాత్రం అతనికి చెప్పలేదు.

మళ్లీ కోతలు వచ్చాయి.

పండుగకు ముందురోజు, గుడికిచ్చే పన కోసమని చేలో వరి కోస్తూ అబ్రహాము అన్నాడు.

"రేపు సూదిని కూడా బల్ల మీద పెట్టేస్తా పుష్పా. నొప్పి తీసినవాడు షుగరు తీయలేడా ఏంటి?"

ఆమె కొడవలి ఆగింది.

చేనంతా వంగి ఉంది. నడుమ ఒక్క కంకి — నిటారుగా. తెల్లగా. గింజ పట్టనిది. లోపల ఏమీ లేదు గనుక, వంగనిది.

చిన్ననాటి నుంచీ చూస్తున్నదే. ఇవాళ చూసింది.

ప్రభువా, ఆ పదేళ్ల వంగడం నీకు చేరిందా? చేరితే, ఇదా జవాబు?

కంకి తుంచి అతని చేతిలో పెట్టింది.

"తాలుకంకి. దీన్నేం చేసుకోను?" అని నవ్వాడు.

"డాక్టరుగారు నాతో ఒక మాట అన్నారండి. మీ దగ్గర దాచాను."

చెప్పింది. అంతా చెప్పింది.

అతని నవ్వు చాలాసేపు మొహం మీదే ఉండిపోయింది, ఎటు పోవాలో తెలియనట్టు.

"అయితే... పోయినేడు గుళ్లో నేను చెప్పింది అబద్ధమా?"

"తెలీదండి," అంది. "సూది మాత్రం మానకండి."

అతను కంకిలో ఒక పొట్టును గోటితో విప్పి చూశాడు.

రేపల్లె వైపు నుంచి గాలి వచ్చింది. చేనంతా ఇంకాస్త వంగింది.

అతను వంగలేదు. చేతిలో కంకీ వంగలేదు.